సర్క్యూట్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని వాడటానికి సులువుగా మార్చడం ఎలా?

కాగితం మీద సర్క్యూట్ చక్కగా గీసేవాళ్లు కూడా పీసీబీ (పార్టులు అతికించే సర్క్యూట్ బోర్డు) డిజైన్ టూల్ ముందు కూర్చోగానే తడబడతారు. ఆ తప్పు టూల్‌దేనని నా గట్టి నమ్మకం. మీరు అలాంటి టూల్ తయారుచేసే టీమ్‌లో ఉన్నా, కిక్యాడ్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు సాయం చేయాలనుకుంటున్నా కింది పద్ధతి పనికొస్తుంది. కోడ్ రాయడం రాకపోయినా ఇందులో సగం పని చేయొచ్చు.

1. పక్కన కూర్చుని చూడండి

టూల్ వాడే ఒకరికి చిన్న పని ఒకటి ఇవ్వండి. రెండు పిన్‌ల కనెక్టర్, ఒక రెసిస్టర్, ఒక ఎల్ఈడీ చాలు. ఖాళీ స్క్రీన్ నుంచి మొదలుపెట్టి, ఫ్యాక్టరీకి పంపే గెర్బర్ ఫైళ్ల దాకా వాళ్లే రావాలి. మీరు మాత్రం నోరు మెదపకూడదు. అన్నిటికన్నా కష్టం ఇదే. మౌస్ ఒక బటన్ దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చేస్తుంది. మెనూలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి మూస్తుంటారు. "దాని పక్కదే" అనే మాట మీ నాలుక చివరి దాకా వస్తుంది. అనేశారా, ఇక ఆ సమస్య మీకు దొరకదు. రేపు ఇంకొకరు సరిగ్గా అక్కడే ఆగిపోతారు. ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, ఏ పేరుతో వెతికారు అనేవి రాసుకోండి. వాళ్లు వెతికిన పేరే చాలాసార్లు మెనూలో ఉండాల్సిన పేరు.

ఐదుగురితో పరీక్షిస్తే దాదాపు 85 శాతం సమస్యలు బయటపడతాయని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాశారు. ఆ లెక్క ఒకే రకం మనుషులకు వర్తిస్తుంది. అందుకే కొత్తవాళ్లను, రోజూ బోర్డులు చేసేవాళ్లను విడివిడిగా చూడండి.

2. ఫ్యాక్టరీ దాకా వెళ్లే తప్పుల్ని ముందు పట్టుకోండి

చిరాకు తెప్పించేవి చాలా ఉంటాయి. బోర్డునే పాడుచేసేవి కొన్నే, కానీ వాటిదే మొదటి స్థానం. సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే అప్‌డేట్ ఇస్తాం. తయారైపోయిన బోర్డుకు అప్‌డేట్ ఉండదు.

ఉదాహరణకు సాట్-23 అనే చిన్న ప్యాకేజీలో (పార్టు బయటి రూపం) వచ్చే ట్రాన్సిస్టర్లన్నిటికీ పిన్‌ల వరస ఒకటే కాదు. సింబల్‌లో (సర్క్యూట్ బొమ్మలో పార్టు గుర్తు) ఒక వరస, చేతిలో ఉన్న పార్టులో ఇంకో వరస ఉంటే బేస్, ఎమిటర్ తారుమారవుతాయి. టూల్ చేసే చెకింగులన్నీ పాసవుతాయి, బోర్డు మాత్రం పనిచేయదు. ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద పార్టు కాళ్లు అతికే చోట్ల అమరిక) ఎంచుకునే కిటికీలోనే సింబల్‌ని, ఫుట్‌ప్రింట్‌ని పక్కపక్కన పెట్టి పిన్ నంబర్లతో పాటు పేర్లు కూడా చూపిస్తే, డేటాషీట్‌తో పోల్చుకోవడం కంటితోనే అయిపోతుంది.

3. ఎర్రర్ మెసేజ్‌లను తిరగరాయండి

నన్నడిగితే, తక్కువ శ్రమతో ఎక్కువ మేలు జరిగేది ఇక్కడే. కిక్యాడ్‌లో ఈఆర్‌సీ (సర్క్యూట్ కనెక్షన్లలో తప్పులు వెతికే చెకింగ్) నడిపిన దాదాపు ప్రతి కొత్తవారికీ ఎదురయ్యే మెసేజ్ ఒకటుంది: 'ఇన్‌పుట్ పవర్ పిన్ నాట్ డ్రివెన్ బై ఎనీ అవుట్‌పుట్ పవర్ పిన్స్'. చూడగానే టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. అసలు విషయం ఏమిటంటే కరెంటు బయటి నుంచి కనెక్టర్ ద్వారా వస్తోంది. కనెక్టర్ పిన్‌లు మామూలుగా 'పాసివ్' రకం కాబట్టి, అక్కడినుంచి పవర్ వస్తుందని టూల్‌కి తెలియదు. ఆ వైరుకు పవర్ ఫ్లాగ్ అనే సింబల్ తగిలిస్తే సరిపోతుంది.

అదే మెసేజ్‌ని ఇలా రాసి చూడండి: "వీసీసీ లైనుకు పవర్ ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు. కనెక్టర్ నుంచి వస్తుంటే పవర్ ఫ్లాగ్ పెట్టండి." పక్కనే 'ఫ్లాగ్ పెట్టు' అని ఒక బటన్. ఎక్కడ, ఎందుకు, ఇప్పుడేం చేయాలి అనే మూడూ ప్రతి మెసేజ్‌లోనూ ఉండాలి. మెసేజ్ మీద క్లిక్ చేస్తే సరిగ్గా ఆ పిన్ దగ్గరికే తీసుకెళ్లాలి.

4. అన్ని కిటికీల్లోనూ ఒకే అలవాటు ఉంచండి

స్కీమాటిక్‌లో (సర్క్యూట్ బొమ్మ గీసే చోట) ఒక కీ ఏ పని చేస్తుందో బోర్డు ఎడిటర్‌లోనూ అదే చేయాలి. 2021 డిసెంబరులో వచ్చిన కిక్యాడ్ 6లో స్కీమాటిక్ ఎడిటర్‌లో వస్తువుల్ని ఎంచుకునే, కదిలించే తీరును బోర్డు ఎడిటర్‌కు దగ్గరగా తెచ్చారు. రెండింటి మధ్య అటూ ఇటూ తిరిగేవాళ్లకు అది పెద్ద ఊరట.

కొలతల సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. 2.54 మిల్లీమీటర్లు అంటే 100 మిల్‌లు (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్). అంకె పక్కన యూనిట్ లేకపోతే పొరపాటు ఖాయం. బాక్సులో "10 మిల్" అని టైప్ చేస్తే టూలే మార్చుకోవాలి.

5. రంగులు, వేగం

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి లేయర్లను (బోర్డులోని పొరలను) రంగుతో మాత్రమే వేరుచేయకండి. ట్రాక్ (బోర్డు మీద కరెంటు వెళ్లే రాగి గీత) లాగుతుంటే స్క్రీన్ 0.1 సెకనులోపు స్పందించాలి. అంతకు మించితే చేతికీ కంటికీ పొంతన తప్పుతుంది.

6. మార్చాక మళ్లీ అదే పరీక్ష పెట్టండి

ఒకసారికి ఒకటో రెండో మార్పులు చేయండి. పాత షార్ట్‌కట్‌లను తీసేయకండి, ఏళ్లుగా వాడేవాళ్ల వేళ్లు వాటికి అలవాటుపడి ఉంటాయి. తర్వాత టూల్‌ని ఎప్పుడూ చూడని కొత్త మనిషిని పిలిచి, మళ్లీ అదే కనెక్టర్, రెసిస్టర్, ఎల్ఈడీ పని ఇవ్వండి. మునుపు ఆగిన చోట ఇప్పుడూ ఆగితే, ఏం చేయబోయారు, ఏం జరిగింది, ఏ వెర్షన్ అన్నది రాసి, సమస్య కనిపించే అతి చిన్న ఫైలు జతచేసి ప్రాజెక్టుకు పంపండి.