జావాలో ఆబ్జెక్టుకు మెమరీ ఎలా దొరుకుతుంది? కాగితం మీద గీసి చూడండి

భీమవరంలో పిల్లలకు జావా చెబుతున్నాను. ఎంత మందికి చెప్పినా తప్పు చేసేది ఒక్క చోటే. అందుకే ఇది రాస్తున్నాను.

తెల్ల కాగితం, పెన్సిలు, రబ్బరు చాలు. గళ్ల కాగితం వద్దు. మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ వైపు స్టాక్ (నడుస్తున్న మెథడ్ల వేరియబుల్స్ ఉండే మెమరీ), కుడి వైపు హీప్ (ఆబ్జెక్టులు ఉండే మెమరీ).

చెరువు అనే క్లాసు రాయండి. అందులో ఎకరాలు, సీడు (చెరువులో వదిలే పిల్లల సంఖ్య) అనే రెండు ఇంట్ ఫీల్డులు, అంటే పూర్ణాంకాలు దాచే గడులు, పెట్టండి. క్లాసు ప్లాను మాత్రమే, ఇంకా ఏ చెరువూ తవ్వలేదు.

మెయిన్‌లో ‘చెరువు మాది’ అని రాస్తే స్టాక్‌లో ఒక చిన్న గడి వస్తుంది, అంతే. ‘మాది = న్యూ చెరువు(2, 100000)’ అని రాస్తే, అందులోని ‘న్యూ’ నడిచినప్పుడే హీప్‌లో చోటు కేటాయిస్తారు. మొదట రెండు ఫీల్డుల్లోనూ 0 ఉంటుంది. తర్వాత కన్‌స్ట్రక్టర్ (మొదటి విలువలు నింపే కోడ్) 2 ఎకరాలు, లక్ష సీడు నింపుతుంది. ఆ తర్వాత ఆబ్జెక్టు ఉన్న చోటు మాది గడిలోకి చేరుతుంది. దాన్ని బాణంగా గీయండి. 64 బిట్ హాట్‌స్పాట్‌లో (జావాను నడిపే ప్రోగ్రాము) మామూలుగా హెడర్, అంటే ఆబ్జెక్టు గురించి జావా రాసుకునే వివరాలు, 12 బైట్లు, ఫీల్డులు 8, మొత్తం 20. దాన్ని 8 గుణిజానికి పెంచి 24 ఇస్తారు.

ఇక్కడ ఆగండి. ‘మీది = మాది’ అని రాయగానే చాలామంది హీప్‌లో రెండో పెట్టె గీసేస్తారు. గీయకండి! కాపీ అయింది బాణమే. ఒకే చెరువుకు రెండు లీజు కాగితాలు ఉన్నట్టు. మీదిలో సీడు 0 చేస్తే మాదిలోనూ 0 కనిపిస్తుంది. మెథడ్‌కు పంపినా అంతే, వెళ్లేది బాణం కాపీ. పది చెరువుల అర్రే (గడుల వరుస) తయారు చేస్తే వచ్చేవి పది నల్‌లు, అంటే దేన్నీ చూపని ఖాళీ గడులు, చెరువు ఒక్కటీ ఉండదు. అనుమానం వస్తే ‘న్యూ చెరువు(...)’ ఎన్నిసార్లు నడిచిందో లెక్కపెట్టండి (అర్రే తయారుచేసే ‘న్యూ చెరువు[10]’ లెక్కలోకి రాదు), అన్నే చెరువులు.

సీ ప్లస్ ప్లస్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే జారతారు. అక్కడ ‘చెరువు మాది’ అంటే ఆబ్జెక్టే స్టాక్‌లో తయారవుతుంది, ‘మీది = మాది’ అంటే ఫీల్డులన్నీ కాపీ అవుతాయి. కొందరు డీబగ్గర్ (ప్రోగ్రామును ఆపి ఆపి లోపలి విలువలు చూపే సాధనం) చూస్తే చాలంటారు. నేను ఒప్పుకోను. బాణం మీ చేత్తో గీస్తేనే గుర్తుంటుంది.

చివరగా ‘మాది = నల్’ రాసి ఆ బాణం చెరపండి. పెట్టెను మాత్రం చెరపకండి, మీది బాణం ఇంకా ఉంది. అదీ పోయాకే గార్బేజ్ కలెక్టర్ (వాడుకలో లేని మెమరీని వెనక్కి తీసుకునే జావా భాగం) ఆ చోటును తీసుకోవచ్చు. ఎప్పుడు తీసుకోవాలో దాని ఇష్టం.