గ్రామఫోన్ పాట జిర్రుమంటోందా? సౌండ్ బాక్స్ విప్పి చూడండి

కీ ఇస్తే పెట్టె బాగానే తిరుగుతోంది, కానీ పాట పీలగా ఉంది, పాడేవాళ్లు గొంతెత్తినప్పుడల్లా జిర్రుమంటోంది అంటే మోటారు జోలికి పోకండి. లోపం చాలావరకు ముల్లు బిగించే ఆ గుండ్రటి సౌండ్ బాక్స్‌లోనే ఉంటుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అటకల మీంచి దిగే పెట్టెల్లో అయితే రబ్బరు రాయిలా గట్టిపడి, స్క్రూలు సముద్రపు గాలికి తుప్పెక్కి ఉంటాయి.

ముందు మీది ఏ రకమో చూడండి. హెచ్.ఎం.వి. ఎగ్జిబిషన్, నంబర్ 4 బాక్సుల్లో ముల్లు కదలికకు కంపించి శబ్దమిచ్చే పల్చటి రేకు అభ్రకంది, 5ఏ, 5బీల్లో అల్యూమినియంది. అల్యూమినియం రేకు సొట్టపోతే వేలితో నొక్కి సరిచేద్దామని చూడకండి, ఇంకా పాడవుతుంది, రేకు మార్చడమే. ఇక్కడ నేను చెప్పేది అభ్రకం రకం గురించి.

విప్పే ముందు నాలుగు వైపులా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. స్క్రూ కదలకపోతే బలం చూపించొద్దు, చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేయండి, ఎందుకంటే చాలా బాక్సుల ఒళ్లు జింకు కలిసిన పోత లోహం, అందులో సీసం లాంటి మలినాలుంటే తేమకు లోలోపలే ఉబ్బి పగుళ్లిస్తుంది. అలా పగిలినదాన్ని బిగించబోతే ముక్కలు చేతికొస్తాయి.

రేకు మధ్యలో చిన్న స్క్రూ, దాని మీద మైనం కనిపిస్తాయి. ముందు ఆ స్క్రూ తీశాకే వెనక మూత విప్పాలి, లేదంటే రేకు చిరుగుతుంది. రేకుకు ముందొకటి వెనకొకటి రబ్బరు రింగులుంటాయి, వాటిని టూత్‌పిక్‌తో తవ్వి తీసేయండి. కొత్త రింగులకు సైకిల్ వాల్వ్ ట్యూబ్ లాంటి సన్నటి మెత్తటి రబ్బరు గొట్టం పాతదాని మందానికి సరిపోయేది చూసుకుని, కొసలు రెండూ సందు లేకుండా ఆనుకునేలా కోయాలి. సందు ఉంటే గాలి పోతుంది, గాలి పోతే మంద్రస్వరాలు పోతాయి. మూత స్క్రూలు ఒకటే గట్టిగా తిప్పేయకుండా మూడూ కొంచెం కొంచెంగా బిగించండి. రేకు నలగకూడదు, వదులుగానూ ఉండకూడదు.

రేకు అంచుల్లో పొరలు కాస్త లేచినా రబ్బరు కింద ఉన్నంతవరకు ఫరవాలేదు. లోపలి దాకా విడిపోతే మాత్రం జిర్రుమంటుంది, మార్చాలి. అభ్రకం విషయంలో మన నెల్లూరు వైపు వాళ్లకు వేరే చెప్పాలా, గూడూరు, సైదాపురం గనుల పేరు వినని వాళ్లుండరు. అక్కడి అభ్రకానికుండే ఆకుపచ్చ ఛాయ వల్ల శబ్దానికి నష్టమేమీ లేదు, మచ్చా పగులూ లేని పలక దొరికితే బ్లేడుతో అంచు విడదీసి, పాత రేకు మందానికి వచ్చేదాకా పొరలు ఒలిచి, పాతదాన్ని అచ్చుగా పెట్టుకుని గుండ్రంగా కత్తిరించుకోవచ్చు.

అసలు ఓపిక కావాల్సింది ముల్లు పట్టే కడ్డీ దగ్గర. అది అటూ ఇటూ లొడలొడలాడకూడదు, అలాగని బిగుసుకోనూకూడదు. స్క్రూ పెట్టకముందే కడ్డీ కొస రేకు మధ్యకు ఊరికే తాకేలా ఉండాలి. రేకుని లాగుతున్నా నొక్కుతున్నా పాట పీలగానే వస్తుంది, అలాంటప్పుడు కడ్డీ ఊగే ఇరుసు దగ్గరి స్క్రూలను వెంట్రుకవాసి తిప్పుతూ చూడాలి. కుదిరాక మధ్య స్క్రూ పెట్టి, వేడి సూదితో చిటికెడు తేనెమైనం కరిగించి దాని చుట్టూ వదలండి. ఫెవిక్విక్ మాత్రం వద్దు, మళ్లీ విప్పే దారి ఉండదు.

బాక్స్ వెనక, దాన్ని మోసే గొట్టానికి (టోన్ ఆర్మ్) తొడిగే చోట కూడా రబ్బరు ఉంటుంది. అందరూ మర్చిపోయేది ఇదే, గట్టిపడితే ఇదీ మార్చండి.

పరీక్షించడానికి, పాడైపోయినా పర్లేదనుకునే లక్క రికార్డు ఒకటి పెట్టండి, ఎల్.పి. (వినైల్ రికార్డు) పెట్టారంటే గాడి గీరుకుపోతుంది. స్టీలు ముల్లు రికార్డుకి ఒక వైపు అయిపోగానే పారేయాలి, తుప్పు పట్టిన పాత డబ్బాలోది అసలు వాడొద్దు.