కన్సోల్ కొనేముందు రిమోట్ పట్టుకుని చూడండి: మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ల కోసం

ప్రతి దసరాకీ సంక్రాంతికీ మా చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, పీఎస్5 కొనమంటావా ఎక్స్‌బాక్స్ కొనమంటావా, గుంటడు ఒకటే గోల పెడతన్నాడు అని. టీవీకి తగిలించి వీడియో గేమ్‌లు ఆడే పెట్టెలివి, కన్సోల్ అంటారు. పీఎస్5 సోనీది, ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది, మూడో కంపెనీ నింటెండో. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసి పెట్టేస్తే మేలనిపించింది. నేను ముందు అడిగేది డబ్బా మీద రాసిన అంకెల గురించి కాదు. ఇంట్లో ఎవరెవరు ఆడతారు, వాళ్ల చేతిలో ఏ రిమోట్ పెట్టబోతున్నారు, అది అడుగుతాను. కంట్రోలర్‌ని మన దగ్గర ఇప్పటికీ చాలామంది రిమోట్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ఎందుకు రిమోట్ అంటున్నానంటే, కన్సోల్ కంపెనీలు నలభై ఏళ్ల నుంచి ఒకళ్ల మీద ఒకళ్లు పోటీ పడింది చాలావరకు దాని మీదే. లోపల చిప్ అన్నాక ప్రతి ఐదారేళ్లకీ అందరిదీ పెరుగుతుంది, అది పెద్ద విశేషం కాదు. చేతిలో పట్టుకునే వస్తువు మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కోలా చేసి ఇదిగో ఇకమీదట ఆటలన్నీ ఇలాగే అని ప్రచారం చేస్తది, మనం నమ్మి డబ్బులు పెడతాం, రెండేళ్లకి దాన్ని ఆ కంపెనీయే వదిలేస్తది. అలా మోసపోకుండా ఉండాలంటే నేను వాడే లెక్క ఒకటుంది. కొత్త కంట్రోల్ ఏదైనా వస్తే పక్క కంపెనీ దాన్ని కాపీ కొట్టిందా లేదా చూడండి. కొడితే అది నిలబడుతుంది. కొట్టకపోతే మీరు ఆగండి.

చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ వీడియో గేమ్ గుర్తుంది కదా, దాని రిమోట్ మీద ఎడమ పక్క ప్లస్ గుర్తులా ఉండే బటన్. 1982లో నింటెండో వాళ్ల చేతి గేమ్‌లో మొదలైంది, చేసినాయన గున్‌పే యొకోయ్. దాని మీద నింటెండోకి పేటెంట్ ఉండేది, అయినా మిగతావాళ్లు ఏదో ఒక రూపంలో అలాంటిదే పెట్టుకున్నారు, ఈరోజుకీ ప్రతి రిమోట్ మీదా ఉంది. 1996లో నింటెండో 64తో బొటనవేలితో తిప్పే స్టిక్ వచ్చింది, మరుసటి ఏడాదే సోనీ ఒకటి కాదు రెండు స్టిక్‌లు పెట్టీసింది. 1997లోనే నింటెండో రిమోట్ వెనకాల తగిలించే వైబ్రేషన్ డబ్బా తెస్తే ఆ ఏడాది చివరికల్లా సోనీ డ్యుయల్‌షాక్ అని వైబ్రేషన్‌ని రిమోట్ లోపలే పెట్టి ఇచ్చింది. ఇవన్నీ నిలబడ్డాయి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2006లో నింటెండో వాళ్ల వీ (Wii) అనే కన్సోల్ వచ్చింది, రిమోట్‌ని బ్యాట్‌లా ఊపి ఆడటం. పది కోట్లకి పైగా అమ్ముడైంది. దాంతో పాటు వచ్చే, టీవీ పైన పెట్టే సన్నటి బార్‌లో ఉండేది ఇన్‌ఫ్రారెడ్ లైట్లు మాత్రమే, చూసే కెమెరా రిమోట్‌లోనే ఉంటుంది, అందుకని బార్ పాడైతే రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా పనిచేసేది. ఎంత చవగ్గా ఎంత తెలివిగా చేశారో అనిపిస్తుంది నాకు ఇప్పటికీ. దాన్ని చూసి 2010లో సోనీ మూవ్ తెచ్చింది, మైక్రోసాఫ్ట్ అసలు రిమోటే వద్దు అని మన ఒంటి కదలికలు చూసి ఆట ఆడించే కైనెక్ట్ కెమెరా తెచ్చింది. మరి ఇక్కడ కాపీ కొట్టారు కదా అని మీరు అడగొచ్చు. కొట్టారు, కానీ ఆటలు చేసేవాళ్లు వెంట రాలేదు, చేయి ఊపి ఆడే సరదా ఆటలు తప్ప పెద్ద ఆటలు వాటికి సరిగ్గా రాలేదు. అందుకే నా లెక్కలో ఇంకో ముక్క కూడా కలపాలి: మీరు నిజంగా ఆడబోయే ఆట ఆ కొత్త కంట్రోల్‌ని వాడుతుందా?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా మేనమామ వాళ్లింట్లో కైనెక్ట్ ఉండేది. దాని ముందు ఒక్కరు ఆడాలంటే ఆరడుగులు, ఇద్దరాడాలంటే ఎనిమిదడుగుల దూరం కావాలి. ముందు గది పదికి పది, అందులో దివాన్ కాట్, కుర్చీలు, బీరువా. సిరిమానోత్సవానికి చుట్టాలొచ్చినప్పుడు పిల్లలు ఆడదామంటే కాట్ ఎత్తి వరండాలో పెట్టాల్సొచ్చేది, అత్త పాపం ఏమీ అనేది కాదు గానీ రెండు పండగల తర్వాత అది అటక ఎక్కీసింది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ వచ్చినప్పుడు కైనెక్ట్ తప్పనిసరిగా కలిపి అమెరికాలో 499 డాలర్లు పెట్టారు, పీఎస్4 399కే వచ్చింది. ఏడాది తిరక్కుండానే కైనెక్ట్ తీసేసి 399కి దిగారు. 2016లో వచ్చిన వన్ ఎస్‌కి కైనెక్ట్ తగిలించే పోర్టే లేదు, విడిగా అడాప్టర్ కావాలి. 2017లో తయారీ ఆపేశారు. డబ్బులు పెట్టి కొన్నవాళ్ల సంగతేంటి అని నాకు ఇప్పటికీ బాధే.

సరే ఇప్పుడున్నవాటి సంగతికొద్దాం.

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో డిస్క్‌ది 49,990కి, డిస్క్ లేనిది 39,990కి మొదలైంది. దాని రిమోట్ డ్యుయల్‌సెన్స్‌లో రెండు విశేషాలు, ఒకటి సన్నటి వైబ్రేషన్, వాన చినుకులు పడుతున్నట్టు, ఇసుక మీద నడుస్తున్నట్టు చేతికి తేడా తెలుస్తుంది. రెండోది వెనకాల చూపుడువేళ్లతో నొక్కే బటన్లు, అంటే ట్రిగ్గర్లు, బిగుసుకుంటాయి, విల్లు లాగుతుంటే వేలికి బరువు తగులుతుంది. షాపులో చూడాలంటే కన్సోల్‌లోనే ఉచితంగా వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ పెట్టమనండి, పది నిమిషాల్లో అన్నీ చూపించేస్తుంది. నా లెక్క ప్రకారం సన్నటి వైబ్రేషన్ నిలబడుతుంది, ఎందుకంటే అలాంటిది 2017లోనే నింటెండో వాళ్ల స్విచ్ అనే కన్సోల్‌లో ఉంది. బిగిసే ట్రిగ్గర్ మాత్రం ఆట మీద ఆధారం, పైగా గంటలకొద్దీ ఆడేవాళ్లలో కొందరు దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేస్తారు.

ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020 నవంబర్‌లో 34,990కి వచ్చింది, పెద్దది సిరీస్ ఎక్స్ 49,990. ఇవన్నీ అప్పటి ధరలు, తర్వాత మారాయి, ఈరోజు ధర ఈరోజే అడగండి. ఎక్స్‌బాక్స్ రిమోట్‌లో కొత్తదనం తక్కువే, కానీ చేతిలో కూర్చున్నట్టు ఉంటుంది, మామూలు పెన్సిల్ సెల్స్ రెండు వేసుకుంటే చాలు. డ్యుయల్‌సెన్స్‌లో బ్యాటరీ లోపలే ఉంటుంది, నాలుగేళ్లకి అది నీరసిస్తే విప్పించాలి. పెన్సిల్ సెల్స్ రాజాంలో దొరుకుతాయి, పలాసలో దొరుకుతాయి, వీధి చివర కిరాణాలో దొరుకుతాయి. ఛార్జింగ్ సెల్స్ నాలుగు కొనీసుకుంటే ఇంక ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు. లోటేటంటే ఎక్స్‌బాక్స్ రిమోట్‌లో జైరో లేదు, అంటే రిమోట్ వంచి గురి చూడటం కుదరదు, మిగతా ఇద్దరి దగ్గరా అది ఉంది.

నింటెండో స్విచ్ 2 2025 జూన్ 5న విడుదలైంది. పక్కన తగిలే రెండు రిమోట్లు అయస్కాంతంతో అతుక్కుంటాయి, బల్ల మీద పెట్టి రుద్దితే మౌస్‌లా కూడా పనిచేస్తాయి. మౌస్ సంగతి చూద్దాం, ఇంకా మిగతావాళ్లు ముట్టుకోలేదు, దానికోసమే అయితే ఆగండి. ఇంకో సంగతి, స్విచ్ ట్రిగ్గర్లు కొంచెం నొక్కడం ఎక్కువ నొక్కడం అనే తేడా పట్టవు, నొక్కితే నొక్కినట్టే, లేకపోతే లేనట్టే. కార్ రేసుల పిచ్చి ఉన్నవాళ్లకి ఇది పెద్ద లోటు. నింటెండో ఇక్కడ తనంతట తాను దుకాణం పెట్టి అమ్మలేదు, దొరికేవన్నీ బయట నుంచి తెప్పించినవే, వారంటీ అమ్మినవాడి నోటిమాటే. కానీ చిన్నపిల్లలున్న ఇంట్లో అంతకన్నా మంచిది ఇంకోటి లేదు, పైగా దానికే తెర, బ్యాటరీ ఉంటాయి కాబట్టి కరెంట్ పోయినా ఆడొచ్చు.

చేతి సమస్య ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఇది చదవండి. 2018లో మైక్రోసాఫ్ట్ అడాప్టివ్ కంట్రోలర్ అని పెద్ద పెద్ద బటన్లతో, కాలితోనో మోచేత్తోనో నొక్కేలా విడి బటన్లు తగిలించుకునే పరికరం తెచ్చింది. 2023 డిసెంబర్‌లో సోనీ కూడా యాక్సెస్ అని అలాంటిది తెచ్చింది. ఈ పోటీలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన కాపీ ఇదే. తెప్పించుకోవడానికి కొంచెం వెతకాలి, కానీ ఉందని తెలియక చాలామంది అడగడమే లేదు.

ఇప్పుడు షాపులో ఏం చేయాలి. ఊరికే డెమో చూసి వచ్చేయకండి. రిమోట్ పట్టుకుని ఓ పావుగంట ఆడండి, ఎవరి కోసం కొంటున్నారో ఆ పిల్లని లేదా పిల్లాణ్ణి తీసుకెళ్లండి, పదేళ్ల చేతికి డ్యుయల్‌సెన్స్ బరువే. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల దొరక్కపోతే కాంప్లెక్స్‌లో బస్సెక్కి వైజాగ్ వెళ్లి అయినా చూసి రండి, యాభై వేలు పెట్టేటప్పుడు ఒక రోజు పోతే పోయింది.

స్టిక్ డ్రిఫ్ట్ గురించి గట్టిగా చెప్పాలి. ఏటంటే మీరు ముట్టుకోకుండానే బొమ్మ దానంతటదే ఒక పక్కకి జరిగిపోతుంటుంది. స్టిక్ కింద కార్బన్ పట్టీ మీద చిన్న ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది, అరిగితే తప్పు లెక్క చెప్తుంది. మూడు కంపెనీల మామూలు రిమోట్లలోనూ ఉండేది ఇదే పద్ధతి. అయస్కాంతంతో కొలిచే హాల్ ఎఫెక్ట్ స్టిక్ అయితే రాసుకోవడం ఉండదు. సెగా అనే కంపెనీ 1998లోనే తన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ రిమోట్‌లో అది పెట్టింది, 2001లో సెగా కన్సోల్స్ చేయడమే మానేసింది, మంచి పని చేసినవాడు పోటీలో లేకుండా పోయాడు. స్విచ్ 2లో అయినా వస్తుందనుకున్నాం, అందులోనూ హాల్ ఎఫెక్ట్ లేదని నింటెండోయే చెప్పింది. అందుకే రెండో రిమోట్ కొనేటప్పుడు హాల్ ఎఫెక్ట్ ఉన్న వేరే కంపెనీది మీ కన్సోల్‌కి పనిచేస్తుందేమో చూడండి, స్విచ్‌కి బాగానే దొరుకుతాయి.

సెకండ్ హ్యాండ్ కొంటే ఇది తప్పకుండా చెయ్యండి. రిమోట్‌ని మీ ఆండ్రాయిడ్ ఫోన్‌కి బ్లూటూత్‌తో కలపండి, బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ అని వెతికి తెరవండి, స్టిక్‌లు గుండ్రంగా తిప్పి వదలండి. అంకెలు సున్నా దగ్గరకి రావాలి, కొద్ది తేడా పర్లేదు, వదిలేశాక కూడా అటూ ఇటూ ఊగుతుంటే తీసుకోకండి. నాకు ఒక షాపులో కొత్తదానిలా ఉందని అంటగట్టినది నెల తిరక్కుండా ఎడమకి లాగడం మొదలెట్టింది, బిల్లు లేదు కాబట్టి వాళ్లు మాట కూడా వినలేదు, కోపం వచ్చింది, ఏం చేయను. స్విచ్ అయితే సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ కింద స్టిక్ క్యాలిబ్రేట్ ఉంటుంది, అక్కడే చూడొచ్చు. డ్రిఫ్ట్ మొదలైన రిమోట్‌కి ముందు ఆటలో డెడ్ జోన్ (స్టిక్ కొద్దిగా కదిలినా ఆట పట్టించుకోని మేర) కొంచెం పెంచండి, పీఎస్5ది అయితే వెనక చిన్న రంధ్రంలో పిన్‌తో ఐదు సెకన్లు నొక్కి రీసెట్ చేయండి, అప్పటికీ తగ్గకపోతే స్టిక్ మార్పించడమే.

టీవీ విషయం చిన్నదే కానీ చాలామంది మర్చిపోతారు, సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. అది లేకపోతే బటన్ నొక్కిన కాసేపటికి బొమ్మ కదులుతుంది, రిమోట్ బాలేదని తిట్టుకుంటారు.

కరెంట్ సంగతి మనకి కొత్తగా చెప్పాలా. తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో అందరికీ తెలుసు, మామూలు రోజుల్లో కూడా ఈదురుగాలి వేస్తే పోతుంది. పీఎస్5 ఆడేటప్పుడు సుమారు 200 వాట్లు లాగుతుంది, 43 అంగుళాల టీవీ ఇంకో వంద, కంప్యూటర్లకి వాడే 600 వీఏ యూపీఎస్ మీద రెండూ కొన్ని నిమిషాలు నిలబడతాయి, సేవ్ చేసి సక్రమంగా ఆపుకోవడానికి అది చాలు. సేవ్ అవుతుండగా కరెంట్ పోతే ముందు సేవ్ చేసుకున్నది కూడా పాడవ్వొచ్చు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అటు పెట్టండి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లు కన్సోల్‌ని అద్దాల షోకేస్‌లో బిగించకండి, వేడి బయటకి పోవాలి, ఉప్పు గాలికి వెనక పోర్టులు పచ్చబడతాయి కాబట్టి వాడనప్పుడు గుడ్డ కప్పండి, ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రం తీసేయండి.

డిస్క్ ఉన్నదా లేనిదా అంటే మన ఊళ్లలో నేను డిస్కే అంటాను. పెద్ద ఆట వంద జీబీ ఉంటుంది, 40 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ ఆగకుండా వచ్చినా ఐదున్నర గంటలు. డిస్క్ అయితే స్నేహితుడితో మార్చుకోవచ్చు, ఆడేశాక అమ్ముకోవచ్చు. సిరీస్ ఎస్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు, మామూలు మోడల్ మెమరీ 512 జీబీ అంటారు గానీ మనకి మిగిలేది 364, మూడు పెద్ద ఆటలకి నిండిపోతుంది.

కొనే రోజు బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించండి, డబ్బా మీదున్న నంబరూ అదీ ఒకటేనా చూసుకోండి, సర్వీస్ కోసం ఎక్కడికి తీసుకెళ్లాలో అడిగి ఆ బిల్లు వెనకే రాసుకోండి. ఇంటికెళ్లిన రాత్రే రెండు రిమోట్లూ ఫోన్‌కి కలిపి టెస్టర్‌లో చూడండి, తేడా ఉంటే తెల్లారి షాపు తీసేసరికి అక్కడ ఉండండి.