ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కంప్యూటర్‌లో కనిపించకపోతే ఏం చేయాలి?

డిస్క్ పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలా?’ అనో ‘ఇనిషియలైజ్ (కొత్త డిస్క్‌లా సిద్ధం) చేయాలా?’ అనో విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. లోపల మీ పిల్లల ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు ఉంటే ఈ ఒక్క జాగ్రత్త మిగతా అన్నిటికన్నా ముఖ్యం.

ముందు డిస్క్ మీద వేళ్లు ఆనించి, చెవి దగ్గర పెట్టి వినండి. సన్నటి గిర్రుమనే శబ్దం, కాస్త అదురు ఉంటే తిరుగుతున్నట్టే. టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే లోపలి హెడ్లు (డేటా చదివే సూదుల్లాంటి భాగాలు) డేటాను చదవలేకపోతున్నాయి. అలాంటప్పుడు వెంటనే తీసేయండి. మళ్లీ మళ్లీ పెట్టి చూస్తే డేటా ఉండే ప్లేటు మీద గీతలు పడి, రికవరీ ల్యాబ్ వాళ్లు కూడా ఏమీ చేయలేని స్థితికి రావచ్చు. తట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి చిట్కాలు అసలు వద్దు.

శబ్దమే లేకపోయినా, మొదలై ఆగిపోతున్నా ముందుగా కరెంటును అనుమానించాలి. 2.5 అంగుళాల పోర్టబుల్ డిస్క్‌కు కావలసిన కరెంటంతా యూఎస్‌బీ నుంచే వస్తుంది. 2.0 పోర్టు 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు 900 మిల్లీయాంపులు ఇవ్వాలి. మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో డిస్క్ ఎక్కువ లాగుతుంది కాబట్టి హబ్ తీసేసి నేరుగా పెట్టండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్టులు కాకుండా వెనక, మదర్‌బోర్డు మీద ఉన్నవి వాడండి. 3.5 అంగుళాల పెద్ద డిస్క్‌కు మాత్రం సాధారణంగా 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఉంటుంది. పిన్ను సరిపోయింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చితే బోర్డు కాలిపోతుంది.

తర్వాత కేబుల్. చాలా పోర్టబుల్ డిస్కులకు ఉండే వెడల్పాటి మైక్రో బీ సాకెట్ రెండు భాగాలుగా ఉంటుంది, వాడగా వాడగా వదులవుతుంది. దీనికో సులువైన పరీక్ష ఉంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్ ఆ సాకెట్‌లోని పెద్ద భాగంలో సరిగ్గా పడుతుంది. వేగం తగ్గుతుంది గానీ, దాంతో డిస్క్ కనిపించిందంటే తేడా పాత కేబుల్‌లోనో 3.0 పిన్నుల్లోనో ఉన్నట్టు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు, అవి వద్దు. ఇంకో కంప్యూటర్‌లో కూడా ఒకసారి పెట్టి చూడండి.

డిస్క్ తిరుగుతున్నా ‘దిస్ పీసీ’లో లేకపోతే విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ‘హెల్దీ’ అని ఉండి అక్షరం లేకపోతే రైట్ క్లిక్ చేసి, ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’లో ఖాళీగా ఉన్న అక్షరం ఇవ్వండి. ‘ఆఫ్‌లైన్’ అని ఉంటే ఎడమవైపు పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ‘ఆన్‌లైన్’ నొక్కితే చాలు.

‘రా’ (RAW, అంటే ఫైళ్లు అమర్చిన పద్ధతి విండోస్‌కు అర్థం కాలేదని) అని ఉంటే ఆ డిస్క్‌ను ఇంతకుముందు ఎక్కడ వాడారో గుర్తు చేసుకోండి. మ్యాక్ వాడే ఏపీఎఫ్‌ఎస్‌, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లను (ఫైళ్లు అమర్చే పద్ధతులను) విండోస్ తనంతట తాను చదవదు. రికార్డింగ్ కోసం కొన్ని టీవీలు కూడా డిస్క్‌ను తమ పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటాయి. అవేవీ కాకపోతే ఫైల్ సిస్టమ్ పాడైనట్టే. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రామ్‌తో అంతే సైజు లేదా పెద్ద డిస్క్‌లోకి పూర్తి నకలు తీసి, ఆ నకలు మీదే టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రామ్ నడపండి. ఫొటోరెక్ అనే మరో రికవరీ ప్రోగ్రామ్ ఆఖరి దారి, దానితో ఫైళ్లు వచ్చినా పేర్లు, ఫోల్డర్లు పోతాయి. విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్‌ను నకలు తీయకముందు నడపకండి. అది డిస్క్ మీద రాస్తుంది, అసలే బలహీనంగా ఉన్నదాన్ని ఇంకా అలసగొడుతుంది.

‘నాట్ ఇనిషియలైజ్డ్’ అని వస్తే సైజు చూడండి. 1 టీబీ డిస్క్ 931 జీబీ చూపిస్తే పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లోని భాగాల పట్టిక) పోయి ఉండొచ్చు, దాన్ని టెస్ట్‌డిస్క్ తరచుగా తిరిగి తెస్తుంది. సైజే చూపకపోతే సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పని కాదు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనూ జాడ లేకపోతే, పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో చూడాలి. పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’, కోడ్ 43 కనిపిస్తే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, డిస్క్ తీసేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ పెట్టండి. కాసేపు పనిచేసి మాయమయ్యే డిస్క్‌కైతే యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో, పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు ఆదా కోసం ఆపేందుకు అనుమతిచ్చే టిక్ తీసేయండి.

ఇవేవీ పనిచేయకపోతే డిస్క్ పైడబ్బాలో, డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే చిన్న బ్రిడ్జి బోర్డు పోయి ఉండొచ్చు. చాలా డబ్బాల్లో ఉండేది కంప్యూటర్ల లోపల వాడే మామూలు సాటా డిస్కే. బయటికి తీసి వేరే సాటా అడాప్టర్‌కు తగిలిస్తే చదవొచ్చు, వారంటీ మాత్రం పోతుంది. అయితే వెస్టర్న్ డిజిటల్ పోర్టబుల్ మోడళ్లు చాలావాటిలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, సాటా కనెక్టర్ ఉండదు. బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే (రహస్య సంకేతంలోకి మార్చే) మోడళ్లూ ఉన్నాయి. వాటిని విప్పకుండా ల్యాబ్‌కు ఇవ్వడం మంచిది.

డిస్క్ మళ్లీ కనిపిస్తే మొదట అతి ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని, తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరవండి. పాడైన, పాడవుతున్న చోట్లను లెక్కించే 05, సీ5, సీ6 వరుసల్లో ‘రా వాల్యూస్’ కింద విలువ సున్నా కాకపోతే ఆ డిస్క్‌ను నమ్మకండి. డేటా బదిలీలో వచ్చే తప్పులను లెక్కించే సీ7 మాత్రమే పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి.