గేరు సరిగా పడనప్పుడు: మట్టిబాట సైకిలు డ్రైవ్‌ట్రెయిన్‌ను (చైను, గేర్ల వ్యవస్థను) వరుసగా సరిచేసే పద్ధతి

వరంగల్ చుట్టుపక్కల మట్టిబాటల్లో తిరిగే గేరు సైకిలు దుకాణానికి వచ్చిందంటే, చాలాసార్లు దాని యజమాని చెప్పే ఫిర్యాదు ఒక్కటే: గేరు సరిగా పడటం లేదు. చైనులో మట్టి పేరుకున్నా, చైను సాగినా, చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు కలిపే హ్యాంగర్ వంగినా, గేరు వైరు దాని పైతొడుగైన అవుటర్‌లో పట్టేసినా, డిరైలర్ కదలికకు హద్దు పెట్టే పరిమితి స్క్రూలు కదిలినా పైకి కనిపించే లక్షణం దాదాపు అదే. కారణం ఏదో తేల్చుకోకుండా వైరు బిగించే బ్యారెల్‌నే అటూ ఇటూ తిప్పితే ఒక గేరు బాగుపడి మరొకటి చెడుతుంది. అందుకే ఈ పనిలో పనిముట్ల కన్నా వరుస ముఖ్యం. ముందు శుభ్రత, తరువాత చైను కొలత, ఆ తరువాత హ్యాంగర్, వైరు చూసుకుని, స్క్రూల జోలికి అన్నిటికన్నా చివర వెళ్లాలి.

మన నేల సంగతి ముందుగా తెలుసుకోవడం అవసరం. ఇక్కడి ఎర్ర చెలక నేలలు ఎక్కువగా గ్రానైట్ శిలలు శిథిలమై ఏర్పడినవి కాబట్టి వాటి ఇసుకలో క్వార్ట్జ్ రేణువులు పుష్కలంగా ఉంటాయి. కాకతీయ కాలువ కట్టమీదనో, గుట్టల చుట్టూ ఉన్న మొరం బాటల్లోనో ఎండాకాలం తిరిగితే ఆ రేణువులు నూనె పూసిన చైనుకు అంటుకుని, సాన పట్టే ముద్దలాగా రోలర్ల లోపలి పిన్నులను అరగదీస్తాయి. నల్లరేగడి చేసే నష్టం వేరు. వానాకాలంలో అది చక్రానికి, ఫ్రేముకు మధ్య గడ్డకట్టి డిరైలర్‌ను లాగుతుంది. అటువంటప్పుడు బలవంతంగా పెడల్ తొక్కితే హ్యాంగర్ వంగవచ్చు, ఒక్కోసారి విరగవచ్చు కూడా. పత్తిచేను పక్క బాటలో చక్రం తిరగడం మానేస్తే దిగి, పుల్లతో మట్టి గీకి, ఆ తరువాతే కదలడం మేలు.

శుభ్రం చేయడానికి సైకిలును తలకిందులుగా నిలబెట్టడం మన దగ్గర అలవాటే కానీ, హైడ్రాలిక్ బ్రేకులున్న సైకిలుకు అది మంచిది కాదు, ఎందుకంటే లీవరు దగ్గరి నూనె తొట్టిలో ఉండే గాలి గొట్టంలోకి చేరే అవకాశం ఉంది. స్టాండు లేకపోతే దూలానికో, గట్టి వేపకొమ్మకో తాడు కట్టి సీటు ముందు భాగాన్ని దానికి తగిలిస్తే వెనక చక్రం నేలకు ఎత్తుగా ఉండి, ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేత్తో పని చేసుకోవచ్చు. మోటారు సైకిళ్ల వాటర్ సర్వీసింగ్ పంపు కింద మాత్రం పెట్టకూడదు. ఆ ఒత్తిడికి నీళ్లు హబ్బు (చక్రం నడిమి భాగం), బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) సీళ్లు దాటి బేరింగుల్లోకి చేరి లోపలి గ్రీజును కడిగేస్తాయి. బకెట్ నీళ్లు, పాత టూత్‌బ్రష్, కొద్దిగా డీగ్రీసర్ (జిడ్డు వదిలించే ద్రవం) చాలు. కిరోసిన్ వాడేవారు చైనును విప్పి డబ్బాలో వేసి కడగాలే తప్ప, సైకిలుకు ఉన్నది ఉన్నట్టుగా పోయకూడదు. డిస్కు మీద చుక్క పడినా బ్రేకు ప్యాడ్లు పనికిరాకుండా పోతాయి.

ఆరిన చైనును కొలవడం తరువాతి పని. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. కాబట్టి 24 లంకెలు కలిపి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. బడిపిల్లల 12 అంగుళాల స్కేలు ఇందుకు చాలదు, ఎందుకంటే మనం చూడవలసిన తేడా 12 అంగుళాలు దాటిన తరువాతే ఉంటుంది. 24 అంగుళాల స్టీలు స్కేలు తీసుకుని, చైను బిగుతుగా ఉన్నప్పుడు, ఒక పిన్ను మధ్యభాగం దగ్గర సున్నా ఉంచి 24వ లంకె చివరి పిన్ను ఎక్కడ పడుతుందో చూడాలి. 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు దాటితే చైను అర శాతం సాగినట్టు లెక్క, 11, 12 స్పీడు (వెనక అన్ని పళ్లచక్రాలున్న) సైకిళ్లకు మార్చవలసిన సమయం అదే. 10 స్పీడు, అంతకు తక్కువ ఉన్నవాటికి ముప్పావు శాతం వరకు ఆగవచ్చు. ఎనిమిదో వంతుకు చేరితే ఒక శాతం సాగినట్టు, అప్పటికి క్యాసెట్ (వెనక పళ్లచక్రాల కట్ట) పళ్లు కూడా ఆ చైనుకు తగ్గట్టుగా అరిగిపోయి ఉంటాయి. ఆ స్థితిలో చైను ఒక్కటే కొత్తది వేస్తే, ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కువగా వాడిన పళ్లచక్రాల మీద అది జారుతుంది. చైనును సకాలంలో మారిస్తే క్యాసెట్ ఖర్చు చాలాకాలం మిగులుతుంది కనుక, ఈ కొలతకు పట్టే రెండు నిమిషాలను నేను ఏ ఖరీదైన లూబ్ (చైనుకు వేసే కందెన) కన్నా విలువైనవిగా చూస్తాను.

కొత్త చైనును పాతదాని పక్కన వేలాడదీసి పొడవు సరిచూసి కత్తిరిస్తే పాతది సాగి ఉన్నందువల్ల ఒక లంకె తేడా రావచ్చు. లంకెలను లెక్కపెట్టి కత్తిరించడమే సరైన పద్ధతి. 6, 7, 8 స్పీడు సైకిళ్లకు ఒకే వెడల్పు చైను సరిపోతుంది కానీ, 9, 10, 11, 12 స్పీడులకు దేని చైను, దేని క్విక్ లింకు (చైను చివరలను కలిపే లంకె) దానివే.

ఇక హ్యాంగర్. వెనక డిరైలర్‌ను ఫ్రేముకు కలిపే ఈ చిన్న అల్యూమినియం ముక్కను కావాలనే మెత్తగా చేస్తారు. సైకిలు కుడివైపు రాతి మీద పడినప్పుడు ఫ్రేముకు దెబ్బ తగలకుండా ఇదే వంగుతుంది. వంగినట్టు కంటికి ఆనకపోవచ్చు. ముందుగా వెనక చక్రం ఇరుసు తన గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే వంకరగా బిగించిన చక్రం కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. తరువాత సైకిలు వెనక కూర్చుని, చైనును మధ్య గేరులో ఉంచి, డిరైలర్ రెండు పుల్లీలూ (చైను తిరిగే చిన్న చక్రాలు) పళ్లచక్రాల తలానికి సమాంతరంగా వేలాడుతున్నాయా అని చూడాలి. కింది పుల్లీ స్పోకుల వైపు వాలి ఉంటే హ్యాంగర్ లోపలికి వంగినట్టే. కచ్చితంగా తేల్చడానికి హ్యాంగర్ రంధ్రంలో బిగించి రిమ్ముకు నాలుగు వైపులా దూరం కొలిచే ప్రత్యేక పనిముట్టు ఉంది. ఆ నాలుగు కొలతల మధ్య తేడా 4 మి.మీ. లోపు ఉండాలి, 12 స్పీడుకు ఇంకా తక్కువుంటే మంచిది. ఈ పనిముట్టు ఉన్న దుకాణాన్ని వెతికి పట్టుకోండి, లేదా నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ప్రతి ఫ్రేముకు హ్యాంగర్ ఆకారం వేరుగా ఉంటుంది కాబట్టి, సైకిలు కొన్న రోజే దాని మోడల్‌కు సరిపోయే మరో హ్యాంగర్‌ను తెప్పించి సంచిలో వేసుకోవడం తెలివైన పని. అది విరిగిన రోజు హనుమకొండలోనో, కరీంనగర్‌లోనో వెంటనే దొరుకుతుందని నమ్ముకోవడం కష్టం.

చిన్న పళ్లచక్రం నుంచి పెద్దదానికి గేరు చురుగ్గా ఎక్కి, దిగేటప్పుడు మాత్రం ఆలస్యమవుతుంటే నేరం వైరుది. ఎక్కేటప్పుడు మన బొటనవేలి బలం వైరును లాగుతుంది, దిగేటప్పుడు డిరైలర్ స్ప్రింగు మాత్రమే లాగాలి. అవుటర్‌లో దుమ్ము చేరి రాపిడి పెరిగితే ఆ స్ప్రింగు బలం చాలదు. ఇటువంటప్పుడు వైరుతో పాటు అవుటర్‌ను కూడా మార్చాలి. గేరు అవుటర్‌లో ఉక్కు తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి, బ్రేకు అవుటర్‌లో చుట్టగా ఉంటాయి. చుట్టగా ఉన్నది ఒత్తిడికి కొంత కుదించుకుపోతుంది కనుక గేర్ల అమరిక నిలవదు. నా సైకిలుకు గేరు వైరు మార్చమని ఇస్తే ఒక దుకాణంలో బ్రేకు అవుటర్ వేసి ఇచ్చారు, పైగా అది ఇంకా మందమైనది కాబట్టి గట్టిదని సమర్థించుకున్నారు. కత్తిరించిన తరువాత అవుటర్ మూతి నలిగి ఉంటుంది. దాన్ని దబ్బనంతో గుండ్రంగా తెరిచి, టోపీ తొడిగి, అప్పుడే వైరు ఎక్కించాలి. ఈ చిన్న పని వదిలేస్తే కొత్త వైరు కూడా పాతదానిలాగే పట్టేస్తుంది.

ఇంతవరకు అన్నీ సరిగ్గా ఉంటేనే స్క్రూడ్రైవర్ తీయాలి. లీవరును అతి చిన్న పళ్లచక్రం స్థానానికి దించి, వైరు పట్టే బోల్టును వదులు చేసి, బ్యారెల్‌ను పూర్తిగా లోపలికి తిప్పి తిరిగి ఒకటి రెండు చుట్లు బయటికి తీయాలి. వైరు లేని డిరైలర్ స్ప్రింగు బలానికి బయటి అంచుకు వచ్చి ఆగుతుంది. ఆ ఆగే చోటును నిర్ణయించేది పరిమితి స్క్రూల్లో ఒకటైన హెచ్ స్క్రూ. వెనక నుంచి చూసినప్పుడు పై పుల్లీ మధ్యభాగం అతి చిన్న పళ్లచక్రం బయటి అంచుకు సూటిగా ఉండేటట్టు దాన్ని తిప్పాలి. తరువాత వైరును చేత్తో బిగుతుగా లాగి బోల్టు బిగించి, పెడల్ తిప్పుతూ లీవరును ఒక్క క్లిక్ నొక్కాలి. చైను రెండో పళ్లచక్రానికి ఎక్కకపోతే బ్యారెల్‌ను అపసవ్య దిశలో పావు చుట్టు చొప్పున తిప్పాలి, రెండోది దాటి మూడోదానికి ఎగబాకితే సవ్య దిశలో తిప్పాలి. రెండో గేరులో శబ్దం లేకుండా తిరిగితే, మిగిలినవి చాలావరకు వాటంతట అవే కుదురుతాయి.

లోపలివైపు హద్దును నిర్ణయించే ఎల్ స్క్రూ విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. అది వదులుగా ఉంటే చైను అతి పెద్ద పళ్లచక్రాన్ని దాటి స్పోకుల మధ్య పడి, డిరైలర్‌ను కూడా చక్రంలోకి లాగేస్తుంది. లీవరు మీద ఆధారపడకుండా, డిరైలర్‌ను చేత్తో లోపలికి నెట్టి చూడాలి. పై పుల్లీ పెద్ద పళ్లచక్రం కిందికి సరిగ్గా వచ్చి అక్కడే గట్టిగా ఆగిపోవాలి. చివరిది బి స్క్రూ. పై పుల్లీకి, పెద్ద పళ్లచక్రానికి మధ్య ఎడాన్ని అది నియంత్రిస్తుంది. పాత తరహా చిన్న క్యాసెట్లకు 5 నుంచి 6 మి.మీ. సరిపోతుంది. 50 పళ్ల క్యాసెట్ ఉంటే ఆ సంస్థ ఇచ్చే కొలత గేజినే నమ్మాలి, వెనక సస్పెన్షన్ ఉన్నదైతే మనిషి సైకిలు మీద కూర్చున్నప్పుడు కొలవాలి.

విడిభాగాలు మార్చే ఆలోచన ఉన్నవారు ముందు హబ్బు ఏ రకమో చూసుకోవాలి. తక్కువ ధర సైకిళ్లలో మర బిగించే 7 స్పీడు ఫ్రీవీల్ ఉంటుంది, దాని స్థానంలో క్యాసెట్ ఎక్కదు. షిమానో వారి 10 నుంచి 51 పళ్ల 12 స్పీడు క్యాసెట్‌కు మైక్రో స్ప్లైన్ అనే రకం హబ్బే కావాలి, మామూలు హెచ్‌జీ (హైపర్‌గ్లైడ్) రకం హబ్బుకు అది పట్టదు. 2023లో వచ్చిన షిమానో క్యూస్ గేర్ల శ్రేణి హెచ్‌జీ హబ్బు మీదే పనిచేస్తుంది, దాని పళ్లు మందంగా ఉండి ఎక్కువకాలం మన్నేటట్టు రూపొందించారు. కాకపోతే పాత హైపర్‌గ్లైడ్ లీవర్లు, డిరైలర్లు, క్యాసెట్లతో దాన్ని కలపలేము. మన దుమ్ములో 12 స్పీడు సున్నితత్వం కన్నా, ముందువైపు ఒకటే పళ్లచక్రం, వెనకవైపు 10 లేదా 11 ఉన్న అమరికే నాకు నచ్చుతుంది.

దుకాణానికి ఇచ్చేటప్పుడు సర్వీసింగ్ చేయమని మాత్రమే చెప్పి వదిలేయకూడదు. ఏ గేరు నుంచి ఏ గేరుకు మారుతున్నప్పుడు ఇబ్బంది వస్తున్నదో, బరువు పడినప్పుడు వస్తున్నదో ఊరికే తిప్పినప్పుడు కూడా వస్తున్నదో కాగితం మీద రాసి ఇవ్వండి. తిరిగి తీసుకునేటప్పుడు చైను ఎంత సాగింది, హ్యాంగర్ సరిచూశారా అని అడగండి. ఈ రెంటికీ సమాధానం రాకపోతే వారు స్క్రూలు మాత్రమే తిప్పారని అనుకోవచ్చు. మామూలు సైకిళ్ల బెండు తీయడంలో, బేరింగు గుండ్లు మార్చడంలో మన పాత సైకిల్ టాక్సీ మేస్త్రీల పనితనం నేటికీ గొప్పదే కనుక, రిమ్ము ఊగుతుంటే వారి దగ్గరికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు.

లూబ్ ముందురోజు రాత్రే వేయాలి. ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి, పెడల్‌ను వెనక్కి తిప్పి, తెల్లవారి పొడిగుడ్డతో బయట మిగిలినదంతా తుడిచేయాలి. ఎండాకాలంలో మైనం ఆధారిత డ్రై లూబ్, వానల్లో వెట్ లూబ్ వాడాలి. ఇంజన్ ఆయిల్ రెండు కాలాల్లోనూ దుమ్మును పిలుస్తుంది. ఆ తరువాత ఏదైనా చిన్న ఎత్తు మీద, సీటులో కూర్చునే ఒక్కో గేరు మారుస్తూ తొక్కి చూడండి, ఎందుకంటే తాడుకు వేలాడినప్పుడు మౌనంగా తిరిగిన చైను మనిషి బరువు పడితే వేరుగా ప్రవర్తిస్తుంది. కొత్త వైరు వేసినట్టయితే మొదటి కొన్ని సవారీల్లో అవుటర్ మూతులు టోపీల్లో కుదురుకుని బిగువు కాస్త తగ్గుతుంది, అప్పుడు బ్యారెల్‌ను అపసవ్య దిశలో పావు చుట్టు తిప్పితే సరిపోతుంది.