రివ్యూ పిటిషన్ రాయడం, 4వ పాఠం: తీర్పు చెప్పిన జడ్జిగారు బదిలీ అయిపోతే?

పోయిన పాఠంలో రివ్యూ (తీర్పిచ్చిన కోర్టునే ఆ తీర్పును మళ్లీ చూడమనడం) ఏయే కారణాల మీద అడగొచ్చో చూశాం. ఈసారి ప్రశ్న చిన్నదే అయినా జూనియర్లకు బాగా టెన్షన్ పెట్టేది. తీర్పిచ్చిన జడ్జిగారు ట్రాన్స్‌ఫర్ అయ్యారు, ఆ సీట్లోకి కొత్తవారు వచ్చారు. మన పిటిషన్ వారు వినొచ్చా?

వినొచ్చు. "తీర్పు రాసినాయనే వినాలి" అని బార్‌లో ఇప్పటికీ వినిపిస్తుంది. అదేమీ ఊసుపోక పుట్టిన మాట కాదు. రివ్యూ గురించి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 47లో ఒకప్పుడు రూల్ 2 ఉండేది. కొత్త సాక్ష్యం, రాతపొరపాట్లు తప్ప మిగతా కారణాలకు తీర్పిచ్చిన జడ్జి దగ్గరికే వెళ్లాలని అది చెప్పేది. 1956 సవరణతో దాన్ని తీసేశారు. రూల్ పోయినా మాట మిగిలింది.

ఇప్పుడు చూడాల్సింది రూల్ 5. దాన్ని రెండు ప్రశ్నలుగా విడదీసి చదవండి. పిటిషన్ వేసిన రోజున ఆ జడ్జి ఇంకా ఆ కోర్టులోనే ఉన్నారా? ఉంటే, సెలవు వల్లో మరో కారణం వల్లో ఆ తర్వాతి ఆరు నెలలూ వినలేని పరిస్థితి ఉందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని జవాబు వస్తే వారే వినాలి, ఇంకొకరు వినకూడదు. జడ్జిగారు నెల రోజుల సెలవులో ఉన్నారనుకోండి, ఇన్‌ఛార్జ్ కోర్టులో వాదించేద్దామని తొందరపడొద్దు. బదిలీ అయి వెళ్లిపోయిన తర్వాత వేస్తే మాత్రం తర్వాత వచ్చినవారు వింటారు. వారి కోసమని గడువు ఆగదు: 30 రోజులే, సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు మినహాయించి.

ఇదంతా సివిల్ సంగతి. క్రిమినల్ కోర్టు తన తీర్పును రాతపొరపాట్లకు తప్ప ముట్టుకోకూడదు (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 403). అక్కడ తిరిగి విచారణ కావాలంటే పై కోర్టే ఆదేశించాలి.

అసలు పని డ్రాఫ్టింగ్‌లో ఉంది. కొత్త జడ్జిగారు సాక్షుల్ని చూడలేదు, వాదనలు వినలేదు. పైగా అదే హోదాలో ఉన్న మరొకరి తీర్పును మార్చమంటున్నాం కాబట్టి సహజంగానే వెనకాడతారు. తుంగభద్ర ఇండస్ట్రీస్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇక్కడ పనికొస్తుంది. రివ్యూ అంటే మారువేషంలో వచ్చిన అప్పీలు కాదు, తప్పు కళ్లకు కట్టినట్టు కనపడాలి. అందుకే ఇలా రాయకండి:

"కోర్టువారు సాక్ష్యాన్ని సరిగా అర్థం చేసుకోలేదు."

ఇది అప్పీలు మెమోలో రాసుకోవాల్సిన మాట. ఇలా రాయండి:

"12-5-2015 నాటి ప్రోనోటు (ఎ-1) వెనక చెల్లు (ఎ-2) తేదీ 3-2-2018. తీర్పు 9వ పేరాలో దాన్ని 3-2-2016గా చదివారు. దావా 2020 జనవరిలో వేశారు. కాలదోషం పట్టిందన్న నిర్ణయం ఈ ఒక్క తేదీ మీదే ఉంది."

చెల్లు అంటే కొంత బాకీ కట్టినట్టు నోటు వెనక రాసిన రాత; అది 2018దైతే దావా గడువులోనే ఉంది, 2016దైతే గడువు దాటింది. కొత్త జడ్జిగారు ప్రోనోటు తిప్పి, చెల్లు చూసి, 9వ పేరా చదివితే చాలు. ఏ సాక్షిని నమ్మాలన్న ప్రశ్నే రాదు. పిటిషన్‌లో ఒక పేరా జడ్జి మార్పుకి కూడా కేటాయించండి: ఎవరు తీర్పిచ్చారు, ఎప్పుడు రిలీవ్ అయ్యారు, అందువల్ల రూల్ 5 అడ్డు రాదు. రెండు వాక్యాలు చాలు. ఇది లేకపోతే అవతలి లాయరు మొదటి వాయిదాలోనే దీని మీద లేస్తారు.

అభ్యాసం: హైకోర్టులో ఇద్దరు జడ్జీల బెంచి తీర్పిచ్చింది. రివ్యూ వేసేనాటికి ఒకరు రిటైరయ్యారు, రెండోవారు ఉన్నారు. రూల్ 5లో "వారిలో ఎవరైనా" అన్న మాట పట్టుకుని, పిటిషన్ ఎవరి ముందుకు వెళ్లాలో నాలుగు వాక్యాల్లో రాయండి. ప్రతివాదికి నోటీసు, రివ్యూ ఒప్పుకున్నాక కేసు మళ్లీ వినడం 5వ పాఠంలో.