మిద్దె మీది ‘ఫర్ చెట్టు’ కింది కొమ్మలు ఎండుతుంటే: నా అనుభవం

బెంగళూరు నర్సరీల్లో ఫర్ అనో క్రిస్మస్ చెట్టు అనో ఇచ్చేది చాలావరకు అరౌకేరియానే, అంటే ఫర్‌లా కనిపించే వేరే జాతి చెట్టు. మందు వెతికే ముందు అది తేల్చుకోవాలి. అసలు ఫర్ ఆకు చదునుగా, ఒక్కొక్కటిగా ఉంటుంది. వెనక్కి తిప్పితే సాధారణంగా రెండు తెల్లటి చారలు కనిపిస్తాయి. లాగితే కొమ్మ మీద గుండ్రటి, నున్నటి మచ్చ మిగులుతుంది. ఫర్‌ని పోలిన స్ప్రూస్ చెట్టు ఆకు వేళ్ల మధ్య దొర్లుతుంది, ఊడినచోట గరుకు మొటిమ ఉంటుంది. పైన్ ఆకులు గుత్తులుగా వస్తాయి. హిమాలయ ఫర్ సుమారు 2,000 మీటర్ల పైన పెరుగుతుంది, దానికి చలికాలపు నిద్ర కావాలి. 900 మీటర్ల ఎత్తున్న మన ఊళ్లో అది నిలవదు.

మా అరౌకేరియా కొమ్మలు ఎండింది నీళ్లు చాలక కాదు, ఎక్కువై. ఎర్రమన్ను గడ్డకట్టి, కింద పళ్లెంలో నీళ్లు నిలిచి వేళ్లు నల్లగా, మెత్తగా అయ్యాయి. కుళ్లినవి మాత్రమే కత్తిరించాను. మంచి వేళ్లను కదపకూడదు, ఈ చెట్టు అది ఓర్చుకోదు. 12 అంగుళాల కుండీలో ఎర్రమన్ను 2 పాళ్లు, ముతక ఇసుక, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు ఒక్కోపాలు వేశాను. పళ్లెం తీసేశాను. పైమన్ను అంగుళం లోతు ఆరాకే నీళ్లు. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండకు షేడ్‌నెట్, వారానికోసారి కుండీ పావు చుట్టు తిప్పడం.

ఎండిన కొమ్మ మళ్లీ చిగురించదు, కోసేయండి. నడి చిగురును మాత్రం ఎప్పుడూ తుంచకండి, చెట్టు ఆకారమే పోతుంది.